సూర్యతాపము – సర్కారు విధానము

తూర్పు మారేడ్‌పల్లిలోని మహేంద్రహిల్స్ ఎత్తునుండి ఉదయపు వేళ క్రిందికి చూచినచో సికిందరాబాదు ఇండ్ల కప్పులు పెక్కు ఒక్క చూపున కానవచ్చును. పాత బంగళాలు కొన్ని మిగిలియున్నవి. వాటి తోటలను మింగి లేచిన అపార్టుమెంట్లు అంతకంటె ఎక్కువ. ప్రతి మిద్దెపైనను నీళ్ల తొట్టి యుండును. ఆ తొట్ల ప్రక్కను దక్షిణమునకు వాలి రెండు రకముల పరికరములు కనబడును. గాజుమూత గల నల్లని పెట్టెయో, గాజు గొట్టముల వరుసయో యుండి, పైన గుండ్రని పీపా యున్నచో అది నీరు కాచునది. నీలపు పలక యైనచో అది విద్యుత్తు నిచ్చునది. కొన్ని యేండ్ల క్రిందట ఈ కప్పులపై మొదటి రకమే కానవచ్చెడిది. ఇప్పుడు రెండవది దానిని ప్రక్కకు త్రోయుచున్నది.

మా యింటిమీదను నల్లని పెట్టె యొకటి యుండెడిది. దానిని అమ్మిన దుకాణదారు మాకు రెండు మాటలు చెప్పెను: కరెంటు బిల్లు తగ్గును, సర్కారు సబ్సిడీ వచ్చును. బిల్లు తగ్గినమాట నిజము. సబ్సిడీ సంగతి అడుగబోవునప్పటికి ఆ దుకాణమున్న చోట మిఠాయి అంగడి వెలసియుండెను. బోరు నీటిలోని సున్నము రాగి గొట్టములలో పేరుకొని, కొన్ని చలికాలములు గడచునప్పటికి నీరు కాగుట మాని నులివెచ్చనగుటతో సరిపుచ్చుకొనుచుండెను. గొట్టములు కడుగు పనివానికొఱకు మేము సికిందరాబాదంతయు తిరిగితిమి. అమ్మినవారు పెక్కురు, బాగుచేయువాడు ఒక్కడు.

మా గోడు వినిపించుటకు ఈ ప్రసంగమును తలపెట్టలేదు. సూర్యుని వేడిని అంగడి సరుకుగా చేయవలెనను యత్నము మన దేశమున దాదాపు నూటయేబది యేండ్లనాటిది. ఆ చరిత్రను తిరుగవేసిన కొలదియు మా మిద్దెమీది కథయే పెద్ద అక్షరములలో కనబడుచున్నది. పరికరము పనిచేయును, ఎండకు కొఱత లేదు, సర్కారు మాట మాత్రము ఆరంభమున నున్న గట్టితనముతో కడదాక నిలువదు. ఈ కథలోని అన్నిటికంటె పెద్ద అధ్యాయము మన అనంతపురము జిల్లాలో జరిగినది. అందు పాల్గొన్నవారిలో తెలుగు సంస్థలవారే ముగ్గురు. అచ్చటికి పోవుటకు ముందు కొంత వెనుకకు పోవలసియున్నది.

మొదట ఒక భేదమును గుర్తింతము. నీలపు పలక వెలుతురును నేరుగా విద్యుత్తుగా మార్చును. మబ్బు క్రమ్మినచో అప్పుడే మందగించును, సూర్యుడు క్రుంకినచో ఆగిపోవును. సూర్యతాప యంత్రము అట్టిది కాదు. అది ముందు వేడిని కూర్చును. ఆ వేడితో నీరు కాచుకొనవచ్చును, అన్నము వండుకొనవచ్చును, ఆవిరి పుట్టించి టర్బైనును త్రిప్పి విద్యుత్తు తీయవచ్చును. వేడికి మఱియొక గుణము గలదు: దాచినచో నిలుచును. మధ్యాహ్నము కాగిన నీరు మఱునాటి తెల్లవారుజామున స్నానమునకు పనికివచ్చుట సోలారు హీటరుగల ప్రతి యింటివారును ఎఱిగినదే. ఈ చిన్న సంగతిని శ్రోతలు మనస్సున నుంచుకొనవలెనని కోరుచున్నాము. కథ చివర దీనితో పని యున్నది.

బొంబాయి హైకోర్టులో డిప్యూటీ రిజిస్ట్రారుగా నుండిన విలియం ఆడమ్స్ అను ఆంగ్లేయుడు 1870వ దశకమున చిన్న చిన్న అద్దములను అర్ధచంద్రాకారముగా నిలిపి, వాటి వెలుగునంతను ఒక బాయిలరుపై పడునట్లు చేసి, పుట్టిన ఆవిరితో రెండున్నర అశ్వశక్తి గల పంపును నడిపెను. ఉష్ణదేశములలో బొగ్గునకు బదులు ఎండను వాడవచ్చునని 1878లో ఒక గ్రంథము వ్రాసెను. న్యాయస్థానపు ఉద్యోగి కొలాబాలో అద్దములు పేర్చుకొనుచు ఆవిరియంత్రమును నడుపుచుండగా దారినపోవువారు ఏమనుకొనిరో కాని, ఆ ప్రయోగము ప్రయోగముగనే నిలిచిపోయెను. 1913లో ఫ్రాంక్ షూమన్ అను అమెరికా వాసి ఈజిప్టులోని మాదీ గ్రామమున దోనెల వలె వంచిన పొడుగాటి అద్దములతో ఆవిరి పుట్టించి నైలు నీటిని పొలములకు తోడెను. మఱుసటి సంవత్సరమే ప్రపంచయుద్ధము వచ్చెను. యుద్ధానంతరము చమురు చౌకయై అద్దములను అడుగువారు లేకపోయిరి. షూమను వాడిన దోనె ఆకారమే నూరేండ్ల తరువాత అనంతపురమునకు వచ్చినది.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల సౌర కుంపటి నొకదానిని రూపొందించెను. మెరుగుపెట్టిన లోహపు పళ్లెరము వెలుగును పాత్ర అడుగునకు పంపును; అన్నము ఉడుకును. 1950వ దశకమున బొంబాయిలోని దేవీదయాళ్ సంస్థ దీనిని తయారుచేసి విపణికి తెచ్చెను. పత్రికలు మెచ్చుకొనెను, గృహిణులు కొనలేదు. కొనకపోవుటకు వారిని నిందింపరాదు. మండుటెండలో పెరటిలో నిలుచుండి కొంతకొంతసేపటికి పళ్లెరమును సూర్యుని వెంట త్రిప్పుచు పప్పు ఉడికించుమనిన వినువారెవరు? రాత్రి భోజనమునకు అది అసలే పనికిరాదు. కట్టెలు, బొగ్గులు, కిరోసినాయిలు చేతికందుచుండగా ఈ కుంపటి కొన్నవానికి సర్కారు ఇచ్చునది ఏమియు లేదు. వస్తువును కనిపెట్టుట విధానమనియే ఆనాడు భావించిరి కాబోలు.

చమురు ధర మండినప్పుడు ప్రభుత్వములకు సూర్యుడు జ్ఞాపకము వచ్చును. 1973లోను, 1979లోను వచ్చిన చమురు సంక్షోభముల పిమ్మట కేంద్ర ప్రభుత్వము 1981లో అదనపు శక్తివనరుల సంఘమును, 1982లో సంప్రదాయేతర శక్తివనరుల శాఖను నెలకొల్పెను. ఆ శాఖ 1992లో ప్రత్యేక మంత్రిత్వశాఖ యయ్యెను. ఋణములిచ్చుటకు 1987లో ఇరెడా అను సంస్థ వచ్చెను. అంతకు ముందే, 1986లో, ఆంధ్రప్రదేశమునకు నెడ్‌క్యాప్ అను సంస్థ హైదరాబాదున ఏర్పడెను. ఈ సంస్థల చేతులమీదుగనే సౌర జలతాపకము, అనగా మనము సోలారు హీటరనునది, మన మిద్దెలెక్కినది.

వర్తకమునకు ఊతమిచ్చినవి మూడు. కొన్నవానికి ధరలో కొంత సబ్సిడీ. బ్యాంకులనుండి తక్కువ వడ్డీకి ఋణము. మిల్లులకు, హోటళ్లకు ఆదాయపు పన్నులో తరుగుదల కొట్టివేత. ఈ మూడవది గొప్ప మహిమ గలది. యంత్రపు ధరనంతను మొదటి సంవత్సరమే లెక్కలలో కొట్టివేయుటకు వీలున్న కాలమున, నీటి వేడితో పని యున్న హోటలువారు హీటరును ఎండకొఱకు కాక పన్నుకొఱకు కొనిరనుట చాడీ కాదు. ఇండియను స్టాండర్డ్సు సంస్థ నల్లపెట్టెలకు ప్రమాణములు నిర్ణయించినందున రాగి రేకు మందము, గాజు నాణ్యము కొంత అదుపులోనికి వచ్చెను. నలుగురుగల కుటుంబమునకు దినమునకు నూరు లీటర్ల హీటరు చాలుననియు, అది యేటికి 1,500 యూనిట్లవఱకు మిగుల్చుననియు ప్రభుత్వ ప్రచురణలు చెప్పెడివి. తరువాత చీనానుండి గాలి తీసిన గాజు గొట్టములు వచ్చి, ధరను తగ్గించి, రాగి పెట్టెల కార్ఖానాలను దెబ్బతీసినవి. మా వంటి బోరునీటివారికి ఆ గొట్టములే మేలైనవని ఒప్పుకొనవలెను.

మన పొరుగున నున్న బెంగుళూరు చేసినది వేఱు. కర్ణాటకములో 2007లో ఒక కొలతకు మించిన క్రొత్త యిండ్లకు హీటరు లేనిదే విద్యుత్ కనెక్షను ఇయ్యరాదను నియమము వచ్చెను. హీటరున్న యింటికి నెలబిల్లులో యూనిటునకు యేబది పైసల చొప్పున యేబది రూపాయలవఱకు తగ్గింపు నిచ్చిరి. మొత్తము చిన్నది, కాని ప్రతి నెలయు కంటికి కనబడునది. సబ్సిడీ కాగితము వెంట తిరుగవలసిన పని లేదు. బెంగుళూరు నగరము హీటర్లకు దేశమున రాజధాని యగుటకు అచ్చటి చలి ఎంత కారణమో ఈ నియమమును అంతే కారణము. మనకు 2012 నాటి ఆంధ్రప్రదేశ్ భవననిర్మాణ నిబంధనలలో ఎత్తైన భవనములకు సౌర జలతాపకమును గూర్చిన షరతు కలదు. మారేడ్‌పల్లి వంటి పేటలో బంగళాను కూల్చి నాలుగు అంతస్తులు కట్టుకొనువానిని ఆ షరతు అంటదు. కేంద్రపు సబ్సిడీ 2014లో ఆగెను. మా యింటి హీటరు ముసలిదైనప్పుడు క్రొత్తది కొందమని విచారించితిమి. అప్పటికి దుకాణములవారందఱు నీలపు పలకలే చూపుచుండిరి.

ఈ నీరు కాచు కథలోనే మనవారు గర్వింపదగిన ఘట్టమొకటి గలదు. తిరుమల కొండపై 2002లో దేవస్థానమువారు వంటకు సౌర ఆవిరి యంత్రమును నెలకొల్పిరి. గుజరాతునకు చెందిన గఢియా సంస్థ కట్టిన ఆ యంత్రమున 106 గిన్నె అద్దములుండెను. అవి సూర్యుని వెంట తమంతట తామే తిరుగుచు దినమునకు 4,000 కిలోలకు పైగా ఆవిరిని పుట్టించి పదునైదువేలమందికి వండుటకు చాలునట్లు నిర్మింపబడెను. ఖర్చు కోటి రూపాయలకు కొంత మించెను. అందు కొంత భాగమును కేంద్ర మంత్రిత్వశాఖ భరించెను. ఆనాటికి ప్రపంచమున అట్టి వంటయంత్రములలో అదియే పెద్దదని చెప్పిరి. ఆవిరి అవసరమైన చోటు, దానిని వాడు వేళ, ఖర్చు భరించువాడు, ఈ మూడును ఒక్కచోట కలిసినందున ఆ పని జరిగెను. 1950లలోని సౌర కుంపటికి లేనిది ఇదియే.

ఇక విద్యుత్తు మాట. అద్దములతో ఆవిరి పుట్టించి విద్యుత్తు అమ్ముకొనుటను నిజమైన వ్యాపారముగా నడిపినది మొదట కాలిఫోర్నియా రాష్ట్రము. లూజ్ అను సంస్థ 1984 మొదలు 1990 వఱకు మొహావీ ఎడారిలో తొమ్మిది కేంద్రములను కట్టెను. వాటి మొత్తము 354 మెగావాట్లు. చిన్న ఉత్పత్తిదారులనుండి విద్యుత్ సంస్థలు కొనితీరవలెనను 1978 నాటి చట్టము, దీర్ఘకాలపు కొనుగోలు ఒప్పందములు, పన్ను రాయితీలు ఆ సంస్థను పెంచినవి. పెంచిన చేతులే తరువాత వదలినవి. రాయితీలు ఏటికేడు చివరిక్షణమున పొడిగింపబడుచుండ, కట్టవలసిన కేంద్రమును ఆదరాబాదరాగ కట్టవలసివచ్చెను. ఒక పన్ను మినహాయింపు ఆలస్యమగుటతో 1991లో లూజ్ దివాలా తీసెను. కేంద్రములు మాత్రము చేతులు మారి అటుపై దశాబ్దములు పనిచేసినవి. పదునైదేండ్లు ప్రపంచమున మఱెవరును అంత పని తలపెట్టలేదు.

తరువాతి వంతు స్పెయినుది. 2004లోను, 2007లోను వచ్చిన రాజశాసనములు సూర్యతాప విద్యుత్తునకు యూనిటుకింత యని గట్టి ధర నిర్ణయించెను. ఆ ధైర్యముతో 2013 నాటికి ఇంచుమించు 2,300 మెగావాట్ల కేంద్రములు లేచినవి. అందు పెక్కింటికి వేడిని దాచు తొట్లున్నవి. సురేకారము జాతి లవణములను కరగించి, పగటి వేడిని వాటికి పట్టించి, ప్రొద్దు క్రుంకిన తరువాత ఆ వేడితోనే టర్బైనును త్రిప్పుదురు. 2011లో వచ్చిన హేమసోలార్ అను కేంద్రము పదునైదు గంటలవఱకు దాచిన వేడితో నడువగలిగెను. మన మిద్దెమీది పీపాయే ఇది. ఉప్పు నింపి కొండంత చేసినారు. స్పెయిను కూడ కడదాక నిలువలేదు. ఖజానా ఖాళీ కాగా 2012 జనవరిలో క్రొత్తవాటికి ధర నిలిపివేసెను. 2013లో పాతవాటి ధరను కూడ కోసివేసెను. సొమ్ము పెట్టినవారు న్యాయస్థానముల మెట్లెక్కిరి.

ఆ రెండు దేశముల అనుభవము కన్నులముందుండగా మన దేశమున జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ సౌరశక్తి ప్రణాళిక 2010 జనవరి 11న ఆరంభమయ్యెను. 2022 నాటికి 20,000 మెగావాట్ల సౌర విద్యుత్తు దాని లక్ష్యము. మొదటి విడతకు నిర్ణయించిన వేయి మెగావాట్లలో సగము సూర్యతాపమునకు, సగము పలకలకు కేటాయించిరి. రెండింటిలో ఏది గెలుచునో ఆనాడు తెలియదు గనుక సమానముగా పంచుట సబబే. కొనుగోలునకు తెలివైన ఉపాయ మొకటి పన్నిరి. ఎన్‌టీపీసీ వారి వర్తక సంస్థ ప్రియమైన సౌర విద్యుత్తును కొని, దానికి చౌకయైన బొగ్గు విద్యుత్తును కలిపి, సగటు ధరకు రాష్ట్రములకు అమ్మును. పాలలో నీరు కలుపుట తప్పుగాని, ఇచట నీటిలో పాలు కలిపిరి. ఎవరికిని భారము తెలియలేదు.

ధర నిర్ణయమందే చిక్కు వచ్చెను. కేంద్ర విద్యుత్ నియంత్రణ సంఘము సూర్యతాప విద్యుత్తునకు యూనిటుకు 15 రూపాయల 31 పైసలు న్యాయమైన ధరయని లెక్కకట్టెను. కాని దరఖాస్తులు కేటాయింపునకు మించి వచ్చినందున, ఆ ధరమీద ఎవరెంత తగ్గింపు నిచ్చెదరో వారికే పని యని వేలము పెట్టిరి. 2010 చివర ఏడు సంస్థలు 470 మెగావాట్లు గెలుచుకొనెను. ధరలు 10 రూపాయల 49 పైసలనుండి 12 రూపాయల 24 పైసలవఱకు పలికినవి. మూడవవంతు తగ్గించి పాడిన సంస్థకు దేశమున అట్టి కేంద్రము నొక్కదానినైనను కట్టిన అనుభవము లేదు. అప్పటికి దేశమున ఎవరికిని లేదు.

ఆ యేడింటిలో తెలుగునేలకు సంబంధించినవి మూడు. ఆంధ్ర మూలములుగల ల్యాంకో సంస్థ దివాకర్ అను పేర నూరు మెగావాట్లకు అన్నిటికంటె తక్కువ ధరయగు 10 రూపాయల 49 పైసలకు పాడెను. హైదరాబాదునకు చెందిన కేవీకే ఎనర్జీ మఱియొక నూరు మెగావాట్లను 11 రూపాయల 20 పైసలకు పొందెను. ఈ రెండును రాజస్థానములోని జైసల్మేరు జిల్లా అస్కంద్రా గ్రామమున కట్టదలచినవి. మూడవది హైదరాబాదువారి మేఘా ఇంజనీరింగ్. నీటి గొట్టములు, ఎత్తిపోతల పనులలో పేరు గడించిన ఆ సంస్థ యేబది మెగావాట్లను 11 రూపాయల 31 పైసలకు తీసికొని, ఇతరులు ఎడారికి పోవుచుండ, తాను స్వదేశమునందే అనంతపురము జిల్లా నాగలాపురమును ఎన్నుకొనెను.

వానలేమికి అనంతపురము పేరుమోసినది. రైతునకు శాపమైన ఆకాశము అద్దమునకు వరమగుననిరి. కాని ఆవిరిని చల్లార్చుటకు నీటిని వాడు దోనె అద్దముల కేంద్రమునకు యూనిటు విద్యుత్తు ఒక్కింటికి మూడు లీటర్లకు పైగా నీరు కావలెను. ఎండ యున్నచోట నీరుండదు, నీరున్నచోట అంత ఎండ యుండదు. ఈ శాస్త్రము పుట్టిననాటి నుండియు దీనికిది తీరని పేచీ. మేఘమనెడి పేరుగల సంస్థ మబ్బులేని చోటు వెదకికొనుట కూడ వింతయే.

ఒప్పందములు 2011 జనవరిలో జరిగినవి; కట్టుటకు 28 నెలలు గడువు. ఇబ్బందులన్నియు ఒక్కసారిగ వచ్చిపడెను. ఎండ ఎంతయో చెప్పు నేలమీది కొలతలు ముందు లేవు. ఉపగ్రహముల అంచనాలనుబట్టి ధర పాడిరి. పాట ముగిసిన తరువాత, 2011లో, చెన్నైలోని పవనశక్తి కేంద్రమువారు దేశమున 51 చోట్ల కొలత కేంద్రములు పెట్టిరి. గాలిలోని దుమ్ము, మసక వలన నేరుగా పడు ఎండ పలుచోట్ల అంచనాకంటె తక్కువని తేలెను. తక్కువైనచో అద్దములు పెంచవలెను; అద్దములు పెంచినచో ఖర్చు పెరుగును. అద్దముల నడుమ గొట్టములో పారుచు దాదాపు 390 డిగ్రీలవఱకు కాగు ప్రత్యేకమైన నూనెను ప్రపంచమున చేయువారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారే. అందఱు ఒక్కసారి అడుగగా వారికి దొరతనము వచ్చెను. గొట్టములు, అద్దములు పెక్కు విదేశములవి. పాట పాడిననాడు డాలరు 45 రూపాయలు; 2013 ఆగస్టులో 68 తాకెను. అమ్మకపు ధర రూపాయలలో ఇరువదియైదేండ్లకు బిగిసియున్నది.

గడువును 2014 మార్చి వఱకు పొడిగించిరి. ఏడింటిలో మొదట లేచినది రాజస్థానములోని గోదావరి గ్రీన్ కేంద్రము, 2013 జూనులో. మన నాగలాపురము, రాజస్థానములోని రిలయన్సువారి ధుర్‌సర్ కేంద్రము 2014 నవంబరులో పనిచేయ మొదలిడెను. అంతటితో సరి. తక్కిన నాలుగును వ్యాపారమునకు రాలేదు. ల్యాంకో సంస్థయే 2017లో దివాలా విచారణకు వచ్చి, మఱుసటి యేట ఆస్తుల విక్రయమునకు గురియయ్యెను. దానికి బొగ్గు విద్యుత్తులో చేసిన అప్పులే ముఖ్యకారణము గాని అద్దములు కావు.

ఇక్కడ శ్రోతలు ఒక్క నిమిషము ఆగి వినవలెను. పూర్తియైన మూడు కేంద్రములలో ఒక్కదానికిని వేడిని దాచు తొట్లు లేవు. నాలుగు గంటలు వేడి దాచు ఏర్పాటుతో తలపెట్టినవి అస్కంద్రా వద్ద ఆగిపోయిన ఆ రెండే. ఒప్పందము ప్రకారము మధ్యాహ్నము పండ్రెండు గంటల యూనిటునకును, ఇండ్లలో దీపాలు, ఫ్యానులు, టీవీలు అన్నియు నడుచు రాత్రి ఎనిమిది గంటల యూనిటునకును ఒక్కటే ధర. అట్లైనప్పుడు తొట్లు కట్టి ఖర్చు పెంచుకొనువాడు వెఱ్ఱివాడు. సర్కారు కొన్నది యూనిట్లను. ఏ వేళకు కావలెనో ఆ వేళను కొనలేదు. సూర్యతాపమునకు పలకకంటె గల ఒకే ఒక్క ఆధిక్యము వేడి నిలువయుండుట. ఆ గుణమునకు పైస ధర కట్టకుండ దానిని పలకతో పోటీకి దింపిరి. ఇంతకంటె పెద్ద పొరపాటు మాకు కనబడదు.

పోటీ ఫలితము వేగముగ తేలెను. 2010 వేలమున పలకల విద్యుత్తు సగటు ధర 12 రూపాయల 12 పైసలు. అనగా ఆనాడు సూర్యతాపమే చౌక. మఱుసటి యేటి వేలమున పలకల సగటు 8 రూపాయల 77 పైసలకు దిగెను. 2015లో మన కర్నూలు సౌరోద్యానమున 4 రూపాయల 63 పైసలకును, 2017లో కడప సౌరోద్యానమున 3 రూపాయల 15 పైసలకును పాడినవారు కలరు. నాగలాపురమునకు ఇవి పొరుగు జిల్లాలే. చీనా కార్ఖానాలు పలకలను గంపగుత్తగ చేసి ధరను పాతాళమునకు త్రొక్కినవి. పలకను నిలుపుటకు నెలలు చాలును. నూనె, ఆవిరి, టర్బైను ఏమియు అక్కఱలేదు. తుడుచుటకు మనిషి, నీళ్లబకెటు చాలు. 2015లో దేశపు లక్ష్యమును 20,000 నుండి లక్ష మెగావాట్లకు పెంచినప్పుడు ఆ పెంపంతయు పలకలమీద నమ్మకమే. రెండవ విడతలో సూర్యతాపమునకు నూటికి ముప్పది పాళ్లు కేటాయింతుమని ముసాయిదాలో వ్రాసిరి. వ్రాత వ్రాతగనే యుండెను.

సర్కారు చేసినది తప్పని ఒక్కమాటలో కొట్టివేయుట న్యాయము గాదు. పేదదేశము యూనిటు మూడు రూపాయలకు దొరకునప్పుడు పదకొండు రూపాయలకు ఏల కొనును? పలకలు చౌకయగుట వలన మన రాష్ట్రములకు కలిగిన మేలు చిన్నది కాదు. ఐనను లెక్కలో ఒక పద్దు విడిచిపెట్టిరి. ఇప్పుడు మధ్యాహ్నము పలకల విద్యుత్తు పొంగి పొరలుచున్నది. సాయంకాలము ఆరు దాటునప్పటికి అది సున్న. ఆ వేళకు బొగ్గు కేంద్రములను రాజేయవలెను. లేదా పెద్ద బ్యాటరీలు కొనవలెను. లేదా పగటి విద్యుత్తుతో నీటిని కొండమీదికెక్కించి రాత్రి దింపవలెను. అట్టి నీటి పథకమొకటి కర్నూలు ప్రాంతములోని పిన్నాపురమువద్ద తలపెట్టినది 1,680 మెగావాట్లకు. మూడు రూపాయల యూనిటును రాత్రివఱకు దాచుటకగు ఖర్చు మొదటి బిల్లులో కనబడదు. మొరాకో, దుబాయి, చీనాలు ఈ లెక్క చూచుకొని దాచు తొట్లతోడి సూర్యతాప కేంద్రములను కట్టినవి. దుబాయి 2017లో ప్రత్యేకముగ చీకటి పడిన తరువాతి విద్యుత్తును దృష్టిలో నుంచుకొని 700 మెగావాట్లకు యూనిటు 7.3 అమెరికా సెంట్లకు ఒప్పందము కుదుర్చుకొనెను. నాగలాపురపు ధరలో అది సగమునకంటె తక్కువ.

విధానము వలన పోయినది డబ్బొక్కటియే యని మేము తలపము. మూడు కేంద్రములు కట్టిన ఇంజనీర్లు దోనె అద్దమును వంచుట, గొట్టములు అతుకుట, నూనెను కాచుట నేర్చుకొనిరి. నాలుగవది వచ్చియున్నచో సగము సామగ్రి ఇచటనే తయారై యుండెడిది. వచ్చిన పనివారు పలకల సంస్థలకు వలసపోయిరి. మా నల్లపెట్టె గొట్టములు కడుగు పనివాడును అట్లే పలకలు బిగించు పనిలో చేరెను. ఇప్పుడు అతడు స్కూటరుపై మారేడ్‌పల్లి వీధులలో తిరుగుచు కనబడినప్పుడెల్ల నమస్కరించి, 'అయ్యా, మీ మిద్దెకు మూడు కిలోవాట్లు పెట్టుదునా, సబ్సిడీ వచ్చును' అని అడుగుచుండును. ఆ మాట వినగానే మాకు ఆ పాత మిఠాయి అంగడి కండ్లముందు మెదలును.

గడచిన చలికాలమున మా నల్లపెట్టెను దింపించితిమి. పాతసామాన్లవాడు రాగిని విడిగ తూచి, గాజును తిరస్కరించి, పీపాను తట్టి చూచి, లోపల సున్నము ఎక్కువ యున్నదని బేరము తగ్గించెను. నాగలాపురపు విద్యుత్ ఒప్పందమునకు ఇరువదియైదేండ్ల గడువు. 2014 నవంబరునుండి లెక్కించినచో అది 2039 వఱకు నడువవలెను.